ఉమ్మడి రాజధాని – ఎవరి ఉమ్మడి?

2024 జూన్ 2వ తేదీతో హైదరాబాదు నగరం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ఉమ్మడి రాజధానిగా వుండడం ముగిసింది. 2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టంలోని అయిదవ సెక్షను ఇచ్చిన పదేళ్ల గడువు ఆ రోజుతో తీరిపోయింది. రెండు రాష్ట్రాలకు ఒకే నగరం రాజధానిగా వుండడం, అందులోనూ నాలుగు వందల ఏళ్ల చరిత్ర కలిగి, ఎన్నో భాషలకూ మతాలకూ నిలయమైన నగరం అలా వుండడం సామాన్య విషయం కాదు. అయినప్పటికీ, ఆ రెండు రాష్ట్రాలను కలిపే రహదారి మీద బతికే సూర్యాపేట, కోదాడ ప్రజలకుగాని, కృష్ణకు చేరువలో వున్న మిర్యాలగూడ ప్రాంత ప్రజలకుగాని ఆ గడువు వచ్చిందీ పట్టలేదు, పోయిందీ పట్టలేదు. ఎందువల్ల?

దీనికి సమాధానం వెతకాలంటే "ఉమ్మడి" అనే మాటనే మొదట పరీక్షించవలసి వుంటుంది.

హైదరాబాదును గురించి మన సభలలోను, పత్రికలలోను రెండు వాదాలు తరచు వినిపిస్తున్నాయి. ఆ నగరం మొదటి నుంచీ అందరిదీ, పాదుషాల, నవాబుల సహృదయం వల్ల అక్కడ సకల సంస్కృతులూ పాలూ నీళ్లవలె కలిసిపోయాయి అనేది మొదటి వాదం. ఫలానా వారు పెట్టుబడి పెట్టి నగరాన్ని పెంచారు, లేదా ఫలానా వారి పూర్వులు దాన్ని కట్టారు, కాబట్టి అది వారిదే అనేది రెండవ వాదం. ఒకటి మెత్తగా వుంటుంది, రెండవది కరకుగా వుంటుంది. కాని రెండింటికీ మూలం ఒక్కటే. నగరాన్ని సింహాసనం నుంచో, లేదా స్థిరాస్తి దస్తావేజు నుంచో చూడడం. నేను ఈ వ్యాసంలో దానిని మా నల్లగొండ పల్లెల వైపు నుంచి చూడదలచాను. రాజధానిని పంచుకున్నవారు ఎవరు, ఆ పంపకానికి ఖర్చు పెట్టుకున్నవారు ఎవరు అనేదే నా ప్రశ్న.

ఓరుగల్లు మిత్రమండలి

పలువురు ప్రభువులు కలిసి ఒక రాజధానిని నిలబెట్టడం మన దేశంలో కొత్త కాదు. సూర్యాపేటకు ఆనుకొని వున్న పిల్లలమర్రి గుళ్లు, సమీపంలోని నాగులపాడు గుళ్లు కాకతీయుల అండన నిలిచిన రేచెర్ల రెడ్డి ప్రభువుల కాలం నాటివి. ఓరుగంటి వైభవం ఇటువంటి సామంతుల కత్తి మీదా, వారు తవ్వించిన చెరువుల కింద పండిన పంట మీదా ఆధారపడింది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనం వేసి విదేశీ వర్తకులకు రక్షణ ప్రకటించాడంటే, ఆ రాజ్యానికి అన్ని దేశాల సరుకూ కావలసి వుండినదని అర్థం.

1323లో ఓరుగల్లు పడిపోయింది. తరువాత ముసునూరి నాయకుల నాయకత్వాన డెబ్భయి అయిదుగురు నాయకులు ఏకమై దేశాన్ని విడిపించుకున్నారని 1423 నాటి కలువచేరు శాసనం చెబుతున్నది. మన చరిత్రలో ఇది గొప్ప ఐక్యసంఘటన. కాని అది ఎంతకాలం నిలిచింది? ఓరుగంటిలో కాపయనాయకుడు కూర్చున్నాడు. తక్కిన నాయకులు ఎవరి సీమకు వారు వెళ్లి ఎవరి పన్నులు వారు వసూలు చేసుకోసాగారు. బహమనీ సుల్తానుల ఒత్తిడికి కాపయ గోల్కొండను వదులుకోవలసి వచ్చింది. చివరకు 1368 ప్రాంతంలో రాచకొండ రేచెర్ల నాయకులతో జరిగిన పోరులోనే అతడు మరణించాడు. మతం ఒక్కటే, భాష ఒక్కటే. అయినా మైత్రి నిలవలేదు. సీమ మీద పన్ను ఎవరిది అనే చోట అది తెగిపోయింది.

గోల్కొండ: సాహిత్యమూ, వజ్రాలూ

కాపయ వదులుకున్న గోల్కొండే తరువాత కుతుబ్ షాహీల గద్దె అయింది. ఇబ్రహీం కుతుబ్ షా యువకుడుగా వున్నప్పుడు ఏడేళ్లపాటు విజయనగరంలో తలదాచుకున్నవాడు. తెలుగు నేర్చాడు. తెలుగు కవులు అతనిని మల్కిభరాముడు అన్నారు. అద్దంకి గంగాధరకవి తన "తపతీ సంవరణోపాఖ్యానా"న్ని అతనికే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన్న అచ్చతెనుగు కావ్యం "యయాతి చరిత్ర"ను గోల్కొండ అధికారి అయిన అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. ఫర్మానాలు పారశీకంలోను తెలుగులోను వెలువడేవి. 1591లో మహమ్మద్ కులీ హైదరాబాదు నగరానికి పునాది వేసే నాటికి ఇరానీలు, హబ్షీలు, అరబ్బులు, తెలుగు నియోగులు, కమ్మరులు, సాలెలు ఒకే రాజ్యయంత్రం చుట్టూ చేరివున్నారు.

ఈ సంపర్కం విలువైనది. మతోన్మాదులు ఈనాడు మన చరిత్రను హిందూ ముస్లిం కుస్తీగా చూపుతున్నప్పుడు దీనిని పదేపదే గుర్తుచేయడం మన కర్తవ్యం. అయితే ఇదే ఇబ్రహీం 1565లో అహమ్మదునగరు, విజాపురం, బీదరు సుల్తానులతో చేయి కలిపి, తనకు ఆశ్రయమిచ్చిన విజయనగరం మీదికి దండెత్తాడు. అతడు తెలుగును ప్రేమించడంలో కపటం వున్నదని నేను అనడం లేదు. రాజుల మైత్రినిగాని, శత్రుత్వాన్నిగాని ఆ ప్రేమ నిర్ణయించలేదని మాత్రమే అంటున్నాను. దాన్ని నిర్ణయించినవి కోటలు, రేవులు, రాబడి.

ఆ రాబడి ఎక్కడిది? మేళ్లచెరువు ప్రాంతానికి ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున కొల్లూరు వజ్రాల గనులు వుండేవి. ఇప్పుడా చోటు పులిచింతల జలాశయంలో మునిగివున్నది. పదిహేడవ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వేవారు, ఆడవాళ్లూ పిల్లలూ మన్ను మోసేవారు. ఇక పల్లెల్లో శిస్తు వసూలు హక్కును వేలం పాడి ఇజారాకిచ్చే పద్ధతి వుండేది. పాట ఎక్కువ పెట్టినవాడు రైతును ఎక్కువ పిండుకోవడం సహజం గదా! చార్మినారు సౌందర్యాన్ని మెచ్చుకునేటప్పుడు కొల్లూరి మన్నును కూడా తలచుకోవడం న్యాయం.

ఇద్దరు మిత్రుల జంటనగరాలు

1763లో నిజాం ఆలీ కాలంలో ఆసఫ్ జాహీల రాజధాని ఔరంగాబాదు నుంచి హైదరాబాదుకు మారింది. మూడేళ్లకే, 1766 సంధితో, ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీకి దఖలు పడ్డాయి. 1788లో గుంటూరు పోయింది. 1798లో నిజాం సైన్యసహకార ఒడంబడికకు తల ఒగ్గాడు. ఆ సైన్యం ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప సీమలు కంపెనీకి ధారపోశాడు. 1806 నాటికి హుస్సేన్ సాగరు అవతల సికిందరాబాదు దండు వెలిసింది. చెరువుకు ఇటు నవాబు, అటు తెల్లదొర. జంటనగరాలని మనం ముద్దుగా పిలుచుకునేవి నిజానికి ఇద్దరు మిత్రరాజుల రెండు విడుదులు. 1918లో బ్రిటిష్ ప్రభుత్వం నిజాముకు "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అనే బిరుదును కూడా తగిలించింది.

ఇక్కడ పాఠకులు ఒక విషయాన్ని గమనించాలి. సర్కారు ఆంధ్రం, రాయలసీమ, తెలంగాణం అనే మూడు ముక్కలను చేసింది ప్రజల తగాదా కాదు. ఇద్దరు పాలకుల మైత్రి చెల్లించుకున్న మూల్యం అది. తరువాత రెండు వందల ఏళ్లు మనం ఆ ముక్కల మీద నిలబడి పోట్లాడుకుంటున్నాం.

ఆ చీలికలోని వింత సూర్యాపేట, కోదాడల నడుమ మరీ స్పష్టంగా కనిపించేది. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా! ఒకే వాగు నీళ్లు తాగే పక్కపక్క ఊళ్లకు రెండు ప్రభుత్వాలు. ఈ పరగణా జమీందారు నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు వెంకట లక్ష్మణరావు కలిసి 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయాన్ని నెలకొల్పడంలో ముఖ్యులయ్యారు. నిజాం రాజధానిలో తెలుగు గ్రంథాలయ దీపాన్ని వెలిగించినవారిలో ఈ చిన్న పరగణా వారుండడం మనకు గర్వకారణమే. కాని 1930ల చివర అదే పరగణా రైతులు అదే జమీందారీ మీద పోరాడవలసి వచ్చిందన్న సంగతి కూడా చరిత్రలో భాగమే. సంస్కృతిని పోషించిన చేయీ, పన్ను పిండిన చేయీ ఒక్కటే కావడం మన చరిత్రలో ఎన్నిసార్లు చూడలేదు?

ముప్పేట సంస్కృతి, ఒంటిపేట అధికారం

నిజాం రాష్ట్రంలో 16 జిల్లాలు. ఎనిమిది తెలుగు జిల్లాలు, అయిదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు. ప్రజలలో దాదాపు సగంమంది తెలుగువారు. అన్ని భాషలవారికీ రాజధాని హైదరాబాదే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాష అయిన ఉర్దూలో ఉన్నతవిద్య మొదలుపెట్టడం సాహసమైన, మెచ్చుకోదగిన పని. కాని రాష్ట్రంలో అత్యధికుల భాషలకు బడిలోనే చోటు కరువైంది.

1921 నవంబరులో రాజధానిలోని వివేకవర్ధిని ఆవరణలో కార్వే మహాశయుని అధ్యక్షతన సంఘసంస్కార సభ జరిగింది. ఇతర భాషల ఉపన్యాసాలు సజావుగా సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే సభ హేళనతో అల్లరి చేసింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. బహుసంస్కృతుల నగరమనే కీర్తి వెనుక భాషలకు కూడా అంతస్తులుండేవని ఈ ఒక్క సంఘటన చాటుతున్నది. ఇక్కడ తెలుగును వెక్కిరించినవారు నవాబులు కారనీ, సంస్కరణ కోరి వచ్చిన చదువుకున్నవారేననీ మరవరాదు.

జనసంఘం ఆంధ్ర మహాసభగా పెరిగింది. 1941లో కోదాడకు దగ్గరలోని చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన మహాసభతో ఉద్యమం మలుపు తిరిగింది. భాషాగౌరవం కోరిన సంస్థ భూమి సమస్యను చేతబట్టింది. ఎందుకంటే పల్లెలో నిజాముకు మిత్రులు వేరే వున్నారు. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం కింద లక్షన్నర ఎకరాలు, మిర్యాలగూడ తాలూకాలో బాబాసాహెబుపేట దేశ్ ముఖు కింద 10,000 ఎకరాలు వుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. వెట్టి చాకిరీ, నాగులు, లెవీ ధాన్యం: ఈ దోవన పల్లె రాజధానిని మోసింది. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో సూర్యాపేట, హుజూర్ నగరు, మిర్యాలగూడ తాలూకాలు ముందు వరుసన నిలిచాయి. 3,000 గ్రామాలలో ప్రజాపాలన, 10 లక్షల ఎకరాల పంపిణీ అని ఉద్యమం లెక్క చెప్పింది. ఆ పోరాటంలో మునగాల సరిహద్దు రాయి ఎవరినీ ఆపలేదు. ఇటువైపు దెబ్బలు తిన్నవారికి అటువైపు పల్లెలు అన్నం పెట్టాయి. ఏ సంధిపత్రమూ లేని ఉమ్మడి అంటే ఇది.

పెద్దమనుషుల ఒప్పందాలు

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికతో మొదలుపెట్టి ఈనాటి వరకు తెలుగు ప్రాంతాల మధ్య జరిగిన ఒప్పందాలలో రాజధాని, హైకోర్టు, ఉద్యోగాలు, మిగులు నిధులు అనే మాటలే వినిపిస్తాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం మదరాసును పోగొట్టుకుని కర్నూలు డేరాలలో కాపురం పెట్టింది. హైదరాబాదులోని భవనాలు అప్పటి నాయకులను ఎంత ఆకర్షించాయో చెప్పనవసరం లేదు. సుందరయ్య 1946లోనే "విశాలాంధ్రలో ప్రజారాజ్యం" అన్నారు. 1956 నవంబరు 1న విశాలాంధ్ర వచ్చింది. ప్రజారాజ్యం రాలేదు. నినాదంలోని మొదటి సగాన్ని పాలకవర్గాలు తీసుకున్నాయి. రెండవ సగాన్ని వదిలేశాయి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం తెలంగాణకు కొన్ని రక్షణలు రాసిచ్చింది. మిగులు నిధులు ఆ ప్రాంతానికే ఖర్చు పెట్టాలి, ఉప ముఖ్యమంత్రి పదవి ఇవ్వాలి, ఉద్యోగాలలో ముల్కీ నియమం పాటించాలి అన్నది. మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి పదవి ఖాళీగా మిగిలింది. 1969లో విద్యార్థులు తుపాకీ గుండ్లకు కూలిన తరువాత గాని మిగులు లెక్క తేల్చడానికి కుమార్ లలిత్ కమిటీ, భార్గవ కమిటీ రాలేదు. 1972లో ఆంధ్రప్రాంతపు విద్యార్థులు అదే విధంగా కూలిపోయారు. 1973లో ఆరు సూత్రాలు వచ్చాయి. 1985లో 610 జీవో వచ్చింది. రెండు వైపులా చచ్చినవారు పేదింటి, మధ్యతరగతి పిల్లలు. సంతకాలు పెట్టినవారు పెద్దమనుషులు. ఆ ఒప్పందాలలో కౌలురైతు లేడు, రాళ్లు కొట్టే కూలీ లేదు, అడ్డా మీద నిలబడే మేస్త్రీ లేడు.

నీటి లెక్క

రాజధానికీ పల్లెకూ మధ్య వున్న సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి మన జిల్లా నదులను మించిన పాఠ్యపుస్తకం లేదు. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న పునాది పడింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ వచ్చాక మిర్యాలగూడ వరిపొలాలతో, బియ్యం మిల్లులతో నిండిపోయింది. ఇది నిజమైన అభివృద్ధి. 2004లో అదే కృష్ణ నీళ్లు అక్కంపల్లి జలాశయం మీదుగా హైదరాబాదుకు చేరాయి. మూడు దశలలో, ఏడాదికి 16.5 టీఎంసీల కేటాయింపు. నగరంలో బతికే లక్షలాది శ్రామికులకు నీళ్లు కావలసిందే. దానిని ఎవరు కాదంటారు? కాని ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగిన మునుగోడు, మర్రిగూడ పల్లెలు ఈ జిల్లాలోనే వున్నాయి. ఇంటింటికీ మంచినీటి పథకం 2016లో గాని మొదలు కాలేదు.

నగరం కృష్ణను తీసుకుని బదులుగా మూసీని పంపిస్తుంది. నగరపు మురుగు, ఫ్యాక్టరీల విషం మోసుకుంటూ ఆ నది మా జిల్లాకు వస్తుంది. సూర్యాపేట దగ్గరలోని జలాశయంలో నిలిచి, పొలాలకు పారి, చివరకు మిర్యాలగూడ సమీపాన వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. రాజధాని జమాఖర్చుల పుస్తకం ఆ సంగమం వద్ద తెరిచి పెట్టివుంది. ఉమ్మడి రాజధాని మీద పదేళ్లు పోట్లాడిన ఇరు ప్రభుత్వాలలో ఏదీ ఆ పుస్తకాన్ని చదవలేదు.

కోదాడ సరిహద్దు

2014 చట్టం నగరాన్ని ఉమ్మడి అన్నది. ఎనిమిదవ సెక్షను కింద అక్కడి నివాసుల ప్రాణానికీ, స్వేచ్ఛకూ, ఆస్తికీ గవర్నరుకు ప్రత్యేక బాధ్యత అప్పగించింది. ఆచరణలో ఏం జరిగింది? 2016 నుంచే ఆంధ్రప్రదేశ్ సచివాలయం వెలగపూడికి తరలింది. 2019లో హైదరాబాదులోని సచివాలయ భవనాలను తెలంగాణకు అప్పగించారు. మిగిలిన తగాదా అంతా తొమ్మిదవ, పదవ షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తుల మీద. అటు అమరావతి కోసం రైతుల నుంచి 33,000 ఎకరాలకు పైగా సమీకరించి, ఆ పొలాల్లో కూలి చేసుకునే భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. రాజధాని ఏదైనా పద్ధతి మారలేదు.

ఉమ్మడి అనే మాటకు అసలు పరీక్ష మహమ్మారి కాలంలో వచ్చింది. 2020 మార్చిలో హాస్టళ్లు మూసివేయడంతో హైదరాబాదు నుంచి స్వస్థలాలకు బయలుదేరిన యువతీయువకులను కోదాడ దాటాక గరికపాడు వద్ద ఆంధ్రప్రదేశ్ పోలీసులు నిలిపివేశారు. 2021 మేలో, హైదరాబాదు ఆసుపత్రుల కోసం ఆంధ్రప్రదేశ్ నుంచి వస్తున్న అంబులెన్సులను కోదాడ ఇవతల రామాపురం వద్ద తెలంగాణ పోలీసులు నిలిపివేశారు. ఊపిరాడని రోగులు రోడ్డు మీద వుండిపోయారు. హైకోర్టు జోక్యం చేసుకుని ఆ ఉత్తర్వుల అమలును నిలిపిన తరువాతనే దారి వచ్చింది. చట్టం ప్రకారం ఆనాటికి ఆ నగరం వారి రాజధాని కూడా! ఆస్తుల పంపకానికి కమిటీలు, ఢిల్లీ ప్రయాణాలు వుండినవి. ఆక్సిజను కోసం వచ్చినవానికి మాత్రం బారికేడు ఎదురైంది. ఒక ప్రభుత్వం మంచిది, రెండవది చెడ్డది అని చెప్పడానికి వీలులేదు. ఏడాది తేడాలో, ఒకే రహదారి మీద, రెండూ ఒకే పని చేశాయి.

మన కర్తవ్యం

కాబట్టి 2024 జూన్ 2న ఏదో గొప్ప ఉమ్మడి ఆస్తి మన చేజారిపోయిందని విలపించవలసిన పని లేదు. పీడ విరగడైందని సంబరపడవలసిన పని కూడా లేదు. పోయింది పాలకుల వాటాల పత్రం. నగరాన్ని కట్టిన ఇటుక పనివారు, పాలమూరు మేస్త్రీలు, శ్రీకాకుళం కూలీలు, బీహారు నుంచి వచ్చిన సెంట్రింగు పనివారు, పాతబస్తీ గాజుల పనివారు, మా జిల్లా నుంచి వలసపోయిన ఆటో డ్రైవర్లు అక్కడే వున్నారు. వారి మధ్య ఉమ్మడి బతుకు ఏ సెక్షనుతోనూ మొదలు కాలేదు. ఏ గడువుతోనూ ముగియదు. అయితే అది తనంతట తాను ఐక్యత కూడా కాదు. భాష పేరిట, మతం పేరిట, ప్రాంతం పేరిట దానిని చీల్చే ప్రయత్నం ప్రతిరోజూ జరుగుతూనే వున్నది.

మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేయదగిన పని ఇక్కడ వుంది. రాజధానుల చరిత్ర చాలా రాశాం. వాటిని మోసిన తాలూకాల చరిత్ర రాయాలి. మునగాల పరగణా రైతు ఉద్యమాన్ని చూసినవారు దాదాపు వెళ్లిపోయారు. వారి పిల్లలు చెప్పగలిగినంత ఇప్పుడే రాసుకోవాలి. చిలుకూరు మహాసభను పాఠశాలలో చెప్పాలి. వాడపల్లి వద్ద నీటిని పరీక్షించి ఏటా లెక్క ప్రకటించడం ఒక కళాశాల విజ్ఞానశాఖకు అసాధ్యం కాదు. రెండు రాష్ట్రాల ఆసుపత్రులలో ఏ వైపు రోగికైనా ప్రవేశం నిరాకరించకూడదనే కోర్కెను కోదాడ, జగ్గయ్యపేట కార్మిక సంఘాలు కలిసి పెట్టవచ్చు. 1946లో సరిహద్దు రాయిని దాటి అన్నం పెట్టిన పల్లెల మనుమలకు ఇది కొత్త పాఠమేమీ కాదు.